పన్నుల ఆర్లీన్, ట్రాంబోన్ వెండెల్

మా బొకేటెలో మే నెల వచ్చిందంటే మధ్యాహ్నం భోజనాలు ముగిసేలోపే వాన దిగుతుంది. ఆ వానకు జడిసి, ఊళ్ళో స్థిరపడిన అమెరికా రిటైరీలంతా సంత పక్కనున్న హాలులో చేరతారు. చేరాక ఏదో ఒకటి వినాలి కదా. ఆ మంగళవారం ఆర్లీన్ పన్నుల గురించి ఉచితంగా చెబుతోంది.

ఆర్లీన్‌కు అరవై ఆరేళ్ళు. మిన్నెసోటాలో ముప్పై ఏళ్ళు జనం పన్ను లెక్కలు చూసి, ఇక ఆ చలి పడలేక పనామా కొండల్లోకి వచ్చేసింది. మనిషి సన్నం, మాట సూటి. నవ్వితే దాని మీద కూడా పన్ను వేస్తారని భయం కాబోలు అని గిట్టనివాళ్ళు అనేవారు.

వెనక వరసలోంచి ఒకాయన చెయ్యెత్తాడు. పేరు వెండెల్. ఒహాయోలో హైస్కూలు బ్యాండు మాస్టారుగా రిటైరై, కిందటేడే ఒక సూట్‌కేసు, ఒక ట్రాంబోన్ బాకా పట్టుకుని ఇక్కడ దిగాడు.

"నేను అమెరికా వదిలేశానండీ. పనామావాళ్ళు బయటినుంచి వచ్చే పింఛను మీద పన్ను అడగరు. ఇంక నాకు పన్నేమిటి?"

"మీరు అమెరికాను వదిలారు. అది మిమ్మల్ని వదల్లేదు," అంది ఆర్లీన్. "ఆ దేశపు పౌరులుగా ఉన్నంతకాలం, చంద్రమండలంలో కాపురం పెట్టినా లెక్క అక్కడికి పంపాల్సిందే."

"నా మాజీ భార్య కూడా ఇంతగా వెంటపడలేదండీ."

హాలు హాలంతా గొల్లుమంది. ఆర్లీన్ మాత్రం నవ్వలేదు. గురువారం కాగితాలు పట్టుకుని తన ఇంటికి రమ్మని, ఆలస్యమైతే తలుపు తియ్యనని చెప్పి తర్వాతి సంగతిలోకి వెళ్ళిపోయింది.

గురువారం వెండెల్ ఎంత ముందుగా వచ్చాడంటే, గేటు దగ్గర వానలో నిలబడి పూర్తిగా నానిపోయాడు. ఆర్లీన్ ఒక తువ్వాలు అందించి, కళ్ళజోడు పెట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది.

పెళ్ళయిందా అని అడిగింది. అయింది, విడాకులూ అయ్యాయన్నాడు. అయితే ఇప్పుడు ఒంటరేనా అంది. ఒంటరే. మీ మీద ఆధారపడ్డవాళ్ళెవరైనా ఉన్నారా? ఒక పిల్లి ఉండేదిగానీ అదీ పక్కింటికి మారిపోయిందన్నాడు. మళ్ళీ ఒహాయో వెళ్ళే ఉద్దేశముందా, ఇక్కడే ఉండిపోతారా అని గుచ్చి గుచ్చి అడిగింది. ఒహాయో రాష్ట్రం కూడా తన వాటా అడుగుతుందేమో తేల్చుకోవడానికి ఆ ప్రశ్న. ఆ సంగతి వెండెల్‌కు ఎవరు చెప్పాలి? ఒక ఆడమనిషి ఆయన గురించి ఇంత శ్రద్ధగా అడిగి ఏళ్ళు గడిచాయి.

"ఇక్కడ ఎవరితోనైనా ఉమ్మడిగా ఏమైనా ఉందా?"

ఆమె అడిగింది బ్యాంకు ఖాతా గురించి. పరాయి దేశపు ఖాతాల్లో సొమ్ము పదివేల డాలర్లు దాటితే ఆ వివరం వేరే పంపాలి. వెండెల్ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఎవరితోనూ లేదండీ. పూర్తిగా ఖాళీ."

"ఖాళీ," అని ఆర్లీన్ సున్నా చుట్టింది.

ఇంటికి వెళ్ళగానే వెండెల్ ఈ సంభాషణంతా తను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు ఎరాస్మాకు చెప్పాడు. ఎరాస్మా ముగ్గురు కూతుళ్ళకూ ఇద్దరు చెల్లెళ్ళకూ సంబంధాలు కుదిర్చిన మనిషి. కోళ్ళకు గింజలు చల్లుతూనే తీర్పు చెప్పేసింది.

"పెళ్ళయిందా అంది, ఒంటరేనా అంది, ఇక్కడే ఉంటావా అంది. ఇంకా ఏం అడగాలి దోన్ వెండెల్, మీ నాన్నగారి పేరా? నేను కోడి సాంకోచో పులుసు వండిపెడతాను. పట్టుకెళ్ళి మాట చెప్పు."

మర్నాడు వెండెల్ ఒక చేత్తో పులుసు గిన్నె, ఇంకో చేత్తో ట్రాంబోన్ పట్టుకుని ఆర్లీన్ కిటికీ కింద నిలబడ్డాడు. వాన కుండపోతగా ఉంది. గిన్నె గట్టు మీద పెట్టి ఆయన ఊదిన పాట ఏదో ఎవరికీ తెలియలేదు, ట్రాంబోన్‌లోకి నీళ్ళు పోయి గార్గిల్ చేస్తున్నట్టు వినిపించింది. వీధిలోని కుక్కలన్నీ శ్రుతి కలిపాయి. ఆర్లీన్ కంగారుగా తలుపు తీసింది.

"మీరడిగినదానికి నా జవాబు అవుననేనండీ," అన్నాడు వెండెల్. "ఇక్కడే ఉండిపోతాను. మీతో."

ఆర్లీన్‌కు సంగతి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక వీలైనంత మెత్తగా చెప్పింది. అవి తను అందరినీ అడిగే ప్రశ్నలు. కిందటి వారమే తొంభైకి దగ్గరపడ్డ పాస్టరుగారిని కూడా అవే అడిగింది.

వెండెల్ ట్రాంబోన్ వంచి నీళ్ళు పారబోశాడు. "పాస్టరుగారేమన్నారు?"

"ఆయనా ఖాళీయే అన్నారు."

గిన్నె గట్టు మీదే వదిలేసి వెండెల్ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆర్లీన్ పులుసు వేడి చేసుకుని తింది. బాగుంది. సగం ఊరిని ఒంటరేనా అని తను అడిగిందిగానీ, ఆ ముక్క తనను ఇంతవరకూ ఎవరూ అడగలేదని అప్పుడే తట్టింది. రెండోసారి వడ్డించుకుంది.

ఇక వెండెల్ కనబడటం మానేశాడు. వంతెన మీద ఆమె పసుపు గొడుగు కనిపిస్తే చాలు, ఎదురుగా ఉన్న మందుల షాపులో దూరేవాడు. ఊరికే నిలబడితే బాగుండదని ప్రతిసారీ ఒక దగ్గు మందు కొనేవాడు. ఆయనకు దగ్గు లేదు.

పరాయి దేశంలో ఉండేవాళ్ళకు రిటర్ను పంపడానికి జూన్ పదిహేను దాకా గడువు. అది దగ్గరపడుతోంది, వెండెల్ సంతకం మాత్రం రాలేదు. చివరికి ఆర్లీనే కాగితాలు పట్టుకుని ఎరాస్మా ఇంటికి వచ్చింది. ఆయన ఊళ్ళో లేడని ఎరాస్మా చెబుతుండగానే పెరట్లో కోళ్ళగూట్లో పెద్ద గలాటా మొదలైంది.

ఆర్లీన్ వెళ్ళి గూటి ముందు వానలో నిలబడింది.

"వెండెల్ గారూ, సంతకం పెట్టాలి."

జాలీ సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఆర్లీన్ కలం అందించింది. సంతకం పడింది. చెయ్యి లోపలికి పోయింది. ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుందిగానీ కదల్లేదు.

"క్లయింట్లతో కాఫీకి వెళ్ళకూడదని నాకో నియమముంది," అంది. "మీ పని ఇప్పుడే అయిపోయింది. ఇక మీరు నా క్లయింటు కారు."

గూటి తలుపు తెరుచుకుని వెండెల్ బయటికి వచ్చాడు. జుట్టు నిండా ఈకలు, మీసం మీద ఒకటి. ఆర్లీన్ నవ్వడం ఈ ఊళ్ళో మొదట చూసింది ఎరాస్మానే. ఆపడం చేతకాక ఆ మనిషి గూటిని పట్టుకుని మరీ నవ్విందని ఇప్పటికీ చెబుతుంది.

అక్టోబరులో వెండెల్ మళ్ళీ అడిగాడు, ఈసారి ట్రాంబోన్ లేకుండా. ఆర్లీన్ సరేనంది. కాకపోతే పెళ్ళి జనవరిలో అంది. ఎందుకో కూడా వివరించింది. ఎవరికి వాళ్ళుగా ఉంటే ఇద్దరి సోషల్ సెక్యూరిటీ పింఛను మీదా పన్ను పడదు. పెళ్ళయితే ఇద్దరి రాబడీ ఒకే కుప్ప, అది పన్ను గీత దాటుతుంది. పైగా డిసెంబరు ఆఖరి రోజున చేసుకున్నా ఏడాదంతా పెళ్ళయినట్టే లెక్క. వెండెల్ బుద్ధిగా విని, సంతలో కనబడినవాళ్ళందరికీ పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా తయారయ్యాడని జనం దారి మార్చుకునేవారు.

డిసెంబరు చివరి వారంలో జనవరి తేదీ ఖాయం చేసుకోవడానికి ఇద్దరూ డేవిడ్ పట్నంలోని కోర్టుకు వెళ్ళారు. జడ్జిగారు సెలవు మీద పోతున్నారనీ, మళ్ళీ ఫిబ్రవరిలో కార్నివాల్ పండగ అయ్యాకేననీ గుమాస్తా చెప్పాడు. రేపు పొద్దుటికి రాసుకున్న ఒక జంట పోట్లాడుకుని మానేసింది, కావాలంటే ఆ వేళ ఖాళీ అన్నాడు.

వెండెల్ నిట్టూర్చాడు. "కార్నివాల్ అయ్యాకే రాసుకోండి. మరి పన్ను..."

"రేపే," అంది ఆర్లీన్.

వెండెల్ ఆమెను పక్కకు లాగాడు. "నువ్వే చెప్పావు కదా. రేపు చేసుకుంటే ఏడాదంతా పెళ్ళయినట్టు లెక్కేస్తారు."

"వెయ్యనీ. నువ్వెవరో తెలియకముందు గడిచిన జనవరి, ఫిబ్రవరి కూడా నీతో గడిపినట్టే లెక్కలోకొస్తాయి."

ఇద్దరూ మళ్ళీ గుమాస్తా బల్ల దగ్గరికి వచ్చారు. గుమాస్తా ఇద్దరి పేర్లూ స్పానిష్‌లో అడిగాడు. వెండెల్ తన పేరుకు బదులు ఆమె పేరే రెండుసార్లు చెప్పాడు.