బండి కప్పు మీద మూడో దెబ్బ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా చెల్లెలి కొడుకు. రేసుల్లో ఫొటోలు తీస్తాడు. ఆ రోజు బండి కప్పు మీద చెయ్యి వేసినవాడు వాడే కాబట్టి వాడు చెప్పిందే లెక్క. తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు. గుడారాల దగ్గర టీ పోసేవాడు కూడా చెప్పాడు. ఆ వేళ వాడు దుప్పటి ముసుగేసుకుని బల్ల కింద దూరాడు. బల్ల కాళ్లు తప్ప వాడు చూసిందేముంది? ఆ మాట వాడి మొహమ్మీదే అడిగాను. అప్పట్నుంచి నాకు టీ పొయ్యడు. పొయ్యకపోతే పోనీ.

అది ఇసుక ఎడారిలో జరిగే రేసు. రోడ్డు ఉండదు. బండికి ఇద్దరు. మా బండి డ్రైవరు నా మేనకోడలి మొగుడు, అంటే ఫొటోలవాడికి సొంత బావ. పక్కన కూర్చుని దారి చెప్పేది ఆ డ్రైవరు తమ్ముడు. వాణ్ణి అందరూ బొంగరం అంటారు. ఒక్కచోట నిలవడు, నిద్రలో కూడా నోరు మూయడు. వీళ్ల వెంట మరో బండిలో సామాను వేసుకుని, ఆగే చోటుకల్లా ముందే చేరి, పెట్రోలు పోసి, చక్రాలు చూసి పంపే మనిషి మేస్త్రి. మా షెడ్డులో నా చేతి కింద పని నేర్చినవాడే.

బయల్దేరే రోజు మా మేనకోడలు గేటు దగ్గర తన తమ్ముణ్ణి, అదే ఫొటోలవాణ్ణి ఆపింది.

"ఒరేయ్, మొగుణ్ణీ మరిదినీ ఇద్దర్నీ పంపిస్తున్నా. కప్పులూ వద్దు, దండలూ వద్దు. ఇద్దర్నీ తీసుకురా, చాలు."

"నేను ఫొటోలు తీసేవాణ్ణక్కా."

"అయితే ఇద్దరూ పడేలా తియ్యి."

అందరూ నవ్వారు. బొంగరం మరీ ఎక్కువ నవ్వాడు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. హెల్మెట్ పెట్టి బెల్టులు బిగించాక లోపలివాళ్లకు మెడ తిరగదు, బయటి మాట వినపడదు. అందుకని బండి కదిలే ముందు కప్పు మీద చేత్తో కొడతాం. తలకో దెబ్బ. ఇద్దరుంటే రెండు. లోపలివాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో దెబ్బ తిరిగి కొడతారు. నేనున్నాను, సిద్ధంగా ఉన్నాను అని. రేసు ముగిశాక కూడా అంతే, దెబ్బ పడితేనే దిగాలి. తక్కువ కొట్టకూడదు, ఎక్కువ అసలే కొట్టకూడదు. ఎందుకని నేను మా గురువుని అడగలేదు. మేస్త్రి నన్ను అడగలేదు. పద్ధతిని పద్ధతిలా చేసేవాళ్లం.

రేసు రోజు మధ్యాహ్నం దాకా అంతా బాగానే ఉంది. దెబ్బలు కొట్టవలసిన మనిషికి ముందురోజు చెయ్యి కాలి కట్టు కట్టారు. బండి ఆగే ఆఖరి చోట మేస్త్రి ఫొటోలవాణ్ణి పిలిచాడు.

"నీ కెమెరా నిన్నేం వదిలిపోదులే. కప్పు మీద రెండు కొట్టి పక్కకు తప్పుకో. వచ్చా ఆ మాత్రం?"

"రెండు అంకెలు లెక్కపెట్టడం వచ్చులే మేస్త్రిగారూ."

అంతలో గాలి పడిపోయింది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు, అయినా దూరంగా హోరు వినిపిస్తోంది. పడమటి వైపు నేల లేచి నిలబడినట్టు గోధుమరంగు గోడ కనిపించింది. చూస్తుండగానే మీదికొచ్చి ఎండని మింగేసింది. పట్టపగలు చీకటి. లాంతరు పట్టుకుంటే లాంతరే కనిపిస్తుంది, పట్టుకున్న చెయ్యి కనిపించదు. పెట్రోలు వాసన, కాలిన రబ్బరు వాసన… వాటి అడుగున ఇంకో వాసన. ఏళ్లుగా తలుపు తియ్యని గది వాసన. ఆరుబయట, అంత గాలిలో, ఆ వాసన ఎక్కణ్ణించి వస్తుంది?

ఆ చీకట్లోంచి మా బండి వచ్చి ఆగింది. మేస్త్రి గరాటు పెట్టి పెట్రోలు పోశాడు, ఇసుకలో దిగబడకుండా చక్రాల్లో గాలి తగ్గించాడు. బొంగరం కిటికీలోంచి అరుస్తూనే ఉన్నాడు.

"బామ్మర్దీ, నన్ను ఎడం పక్కనుంచి తియ్యరా. కుడి పక్కనుంచి చూస్తే మా అన్న పోలిక కొడుతుంది!"

"నోట్లో ఇసుక పడుతుంది, మూసుకో చిన్నబావా."

"ఇసుకే నా నోటికి భయపడాలి."

హెల్మెట్లు పెట్టుకున్నారు, అద్దాలు ఎక్కాయి. ఫొటోలవాడు కప్పు మీద కొట్టాడు. ఒకటి. డ్రైవరు వైపునుంచి జవాబు. రెండు. బొంగరం వైపునుంచి జవాబు. వెంటనే కెమెరా ఎత్తాడు. బండి దుమ్ముని చీల్చుకుని వెళ్లే ఆ ఒక్క ఫొటో కోసమే వాడు అన్నాళ్లుగా కాచుకుని ఉన్నాడు. మీట నొక్కితే పడలేదు. ఇసుక పట్టేసింది. బండి కదలబోతోంది. ఆగండి, ఒక్క క్షణం అన్నట్టు చెయ్యి చాచి కప్పు మీద తట్టాడు.

మూడో దెబ్బ.

జవాబు వెంటనే రాలేదు. కాసేపటికి వచ్చింది. ముందునుంచి కాదు… వెనకనుంచి. అదనపు చక్రం కట్టి ఉంచే చోటునుంచి. పిడికిలితో కొట్టినట్టు కాదు. గోళ్లతో మెల్లగా…

బండి వెళ్లిపోయింది. మేస్త్రి గరాటు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఎన్ని కొట్టావు?"

ఫొటోలవాడు కెమెరా మీది ఇసుక దులుపుతున్నాడు.

"నిన్నేరా. ఎన్ని కొట్టావు?"

"చెయ్యి జారింది మేస్త్రిగారూ."

మేస్త్రి తిట్టలేదు. తిడితే బాగుండేదన్నాడు మావాడు. సామానంతా బండిలో పడేసి, వాణ్ణి ఎక్కించుకుని ముగింపు గీత వైపు పోనిచ్చాడు.

దారిలో వైర్‌లెస్ గరగరలాడింది. డ్రైవరు గొంతు.

"బామ్మర్దీ, మా వాడికేమైందిరా? నోరు పడిపోయింది."

"ఎవరికి? చిన్నబావకా?"

"పలకడే! చేత్తో చూపిస్తున్నాడంతే. కానీ దారి భలే చూపిస్తున్నాడు. ముందున్న బండ్లన్నీ దాటేశాం. ఈ దారి మా కాగితంలో లేదు, వీడికెలా తెలుసో…"

మేస్త్రి వైర్‌లెస్ లాక్కున్నాడు. "బండి ఆపు. పక్కకు తిరిగి వాడి మొహం చూడు."

"ఇప్పుడా? గెలిచే వేళ ఆపమంటావేంటి? హెల్మెట్ అద్దం నిండా దుమ్ము, మొహమెక్కడ కనిపిస్తుంది? తుడుచుకోరా అంటే తుడుచుకోడు…" ఒక్క క్షణం గరగర. "అద్దానికి బయట కాదు మేస్త్రీ. లోపలివైపు ఉంది దుమ్ము."

మేస్త్రి సామాను బండిని ఇంకా వేగంగా తరిమాడు.

"ఇంకోటి. హెల్మెట్‌లో మాట వినిపించే వైరు ఏదో తేడా చేసింది. వాడి గొంతు వెనకనుంచి వినిపిస్తోంది. చిన్నగా… అన్నా అటు కాదు, అన్నా అటు కాదు అంటున్నాడు. చెయ్యి మాత్రం అటే చూపిస్తున్నాడు…"

మాట తెగిపోయింది. ఎంత పిలిచినా మళ్లీ కలవలేదు.

దుమ్ము తేరుకునేసరికి పొద్దు వాలుతోంది. ముగింపు గీత దగ్గర జనం, జెండాలు, ఈలలు. అన్ని బండ్లకన్నా ముందు మా బండే వచ్చింది. అలాంటి గెలుపు మా షెడ్డు మొహాన ఎన్నడూ లేదు. మేస్త్రి మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

"దింపు," అన్నాడు. "రెండే. ఒళ్లు దగ్గర పెట్టుకుని కొట్టు."

ఒకటి. డ్రైవరు దిగాడు. హెల్మెట్ పీకి పారేసి, మేస్త్రిని కావలించుకుని ఏడ్చేశాడు.

రెండు. అవతలి తలుపు తెరుచుకుంది. బొంగరం బట్టలు, బొంగరం హెల్మెట్. మనిషి నిదానంగా దిగాడు. మెడ అటూ ఇటూ తిప్పలేదు. నడుస్తుంటే చేతి తొడుగుల్లోంచి సన్నగా ఇసుక కారుతోంది. రేసు ఆఫీసు మనిషి భుజం తట్టి శభాష్ అన్నాడు. అతని అరచేతికి ఇసుక అంటింది. హెల్మెట్ అద్దం కింది సందులోంచి కూడా ఇసుక… ఆగకుండా…

"చిన్నబావా!" అని పిలిచాడు మావాడు. "ఇటు చూడు, ఎడం పక్కనుంచే తీస్తాను!"

ఆ మనిషి తిరగలేదు. గుడారాలు దాటి, దిబ్బ ఎక్కి, అవతలికి దిగిపోయాడు.

అప్పుడు ఖాళీ బండిలోంచి తట్టిన చప్పుడు వచ్చింది. చాలా నీరసంగా.

"బామ్మర్దీ… నన్ను దింపవేంట్రా…"

బొంగరం గొంతే. డ్రైవరు వెనక తలుపు లాగి తెరిచాడు. అదనపు చక్రం ఉంది. దాని చుట్టూ ఇసుక ఉంది. మనిషి లేడు. గొంతు మాత్రం అక్కడే ఉంది.

"ఊపిరాడ్డం లేదన్నా…"

"కొట్టరా!" అని డ్రైవరు బామ్మర్ది కాలర్ పట్టుకున్నాడు. "నా తమ్ముడురా, కొట్టు!"

మేస్త్రి మావాడి మణికట్టు బిగించి పట్టుకున్నాడు. "వద్దు. దిగేది వాడేనని నీకెవరు చెప్పారు?"

మావాడికి గేటు దగ్గర నిలబడ్డ అక్క గుర్తొచ్చింది. ఇద్దర్నీ తీసుకురా అంది. చెయ్యి విదిలించుకుని కొట్టాడు.

ఏమీ దిగలేదు. గుక్క తిప్పుకున్నట్టు చిన్న శబ్దం.

"నా వంతు… వాడు దిగేశాడు బామ్మర్దీ…"

అంతే. ఆ తర్వాత ఆ బండి లోపలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. చక్రం విప్పి చూశారు, సీట్లు పీకి చూశారు, పిచ్చివాళ్లలా రేకు కోసి కూడా చూశారు. ఏముంటుంది?

చీకటి పడుతుండగా డ్రైవరు ఫోను మోగింది. మా మేనకోడలు. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఏమండీ… మరిదొచ్చాడు."

ఆ ఎడారినుంచి మా ఊరికి ఎంత తరిమినా మర్నాటి సాయంత్రానికి గానీ చేరలేం.

"ఎవరొచ్చారు?"

"మీ తమ్ముడండీ. పలకరిస్తే పలకలేదు. తిన్నగా తన గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. హెల్మెట్ తియ్యడేంటి? గదంతా ఇసుక. ఇప్పుడే ఊడ్చొచ్చాను, మళ్లీ గడప దాకా వచ్చేసింది… మీరిద్దరూ పోట్లాడుకున్నారా?"

వాళ్లు ఇల్లు చేరేసరికి ఆమె పిల్లల్ని తీసుకుని వీధిలో నిలబడి ఉంది. ఆ గది తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది. వాళ్లు వేరే ఇంట్లో అద్దెకుంటున్నారు. నేను పట్టపగలు ఒకసారి వెళ్లి, కిటికీ సందులోంచి చూశాను. మంచం ఎత్తు దాకా ఇసుక. దాని మీద హెల్మెట్, ఇటు తిరిగి ఉంది. నేను రెండో కిటికీ దగ్గరికి వెళ్లాను. అక్కడ కూడా ఇటే తిరిగి ఉంది.

రేసు ఆఫీసువారికి నా మనవి. నేను మూడుసార్లు మీ గుమ్మం ఎక్కాను. మీ పుస్తకంలో మా బొంగరం గీత దాటి, తన కాళ్ల మీద దిగి, క్షేమంగా చేరాడని ఉంది. చేరినవాణ్ణి వెతకడం కుదరదని మీ గుమాస్తా నా మొహం చూడకుండానే చెప్పాడు. ఆ తీరు నేను మర్చిపోను, అది వేరే సంగతి. మీ గెలుపు మాకొద్దు, వెనక్కి తీసుకోండి. మావాడు దిగలేదు. చేరాడన్న ఆ ఒక్క మాట కొట్టేసి, తప్పిపోయాడని రాయండి. రాసి, మనుషుల్ని పంపండి. వాడు మాటకారి. ఆ ఇసుకలో ఎక్కడున్నా పిలుస్తూనే ఉంటాడు.