రాణి దించిన చేంతాడు

వైశాఖమాసపు ఎండకు రేగులకొండ బండలు పెనంలా కాలుతున్నాయి. కొండ చుట్టూ, చూపు ఆనినంత మేరా, మల్లభూపతి సైన్యపు డేరాలు పరచుకొని ఉన్నాయి. వాటి నడుమ ఏనుగులు, ఎద్దులబండ్లు, వేల పొయ్యిల పొగ, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఆగని యుద్ధభేరి. ముట్టడి మొదలై నలభై రోజులైనా కోటలోని పద్నాలుగు వందల ప్రాణాలు ఆ చప్పుడుకు అలవాటుపడలేదు. పసిపిల్లలు పాలు తాగుతూనే ఉలిక్కిపడేవారు.

కోటను ఏలుతున్నది ముప్పసాని. భర్త పోయాక ఆరేళ్ల కిందట సింహాసనమెక్కింది. ఎక్కిన నాటి నుంచీ ఆమె వెనక ఒకటే గొణుగుడు: ముండమోపి పాలన ఎన్నాళ్లు సాగుతుంది? కొండ మీద వాననీటికి పెద్ద గుండం తవ్విస్తే, ఆడది తవ్వించిన గుండంలో నీళ్లు నిలుస్తాయా అన్నారు. నిలిచాయి. కానీ ఆ మాటలు విని విని ఆమె చెవులకొక జబ్బు పట్టింది. ఎవరు ఏ తప్పు చూపినా ఆ పాత మాటే వినబడేది. ఈ జబ్బు రాజులకూ ఉంటుంది. వాళ్లకుంటే అభిమానధనుడని శాసనాల్లో చెక్కిస్తారు.

ఆ జబ్బును బాగా ఎరిగినవాడు వెన్నయామాత్యుడు.

పది రోజుల కిందట, నీళ్లు తోడే ఆడవాళ్లకు పెద్దయిన మాచవ్వ సభకు వచ్చింది. "దొరసానమ్మా, చేంతాడు రోజుకొక మూర ఎక్కువ దిగుతోంది. గుండం కింద తూము దగ్గర నేలంతా తడిగా ఉంది. ఒక్కసారి వచ్చి చూడండి" అంది.

వెన్నయ చిరునవ్వు నవ్వాడు. "విన్నారా మహారాణీ! తమరు తవ్వించిన గుండం కారిపోతోందట. ఆ మాట మగవాళ్లంటే బాగుండదని ఈమె చేత అనిపిస్తున్నారు."

రాణి చెవులు వేడెక్కాయి. "నీళ్లు తోడటం నీ పని. గుండానికి వంకలు పెట్టడం కాదు. ఇక మీదట ఆ మాటెత్తినవాళ్ల నాలుక కోయిస్తాను" అంది.

ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు. కోటలో భేరి కంటె ఆ మౌనమే ఎక్కువ భయపెట్టింది. ఆడవాళ్లు గుండం దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకొని, కళ్లు దించుకొని, సగం నిండిన కడవలు ఎత్తుకొని పోయేవారు.

నలభయ్యో నాటి ఉదయం బేతన దండనాయకుడు కుంటికాలు ఈడ్చుకుంటూ సభ మధ్యకు వచ్చాడు. కత్తి తీసి నేల మీద పెట్టాడు.

"దేవీ! మీ మామగారి కాలం నుంచి ఈ కోట ఉప్పు తింటున్నాను. శత్రువుకు నేను భయపడను. ఈ సభలో మాట్లాడటానికి భయపడ్డాను. పది రోజులు నోరు మూసుకున్నది అందుకే, అది నా తప్పు. గుండం అడుగంటుతోంది. పది రోజుల కిందట పడమటి లోయ ఖాళీగా ఉంది, జనాన్ని ఎవరికీ దెబ్బ తగలకుండా దాటించేవాళ్లం. అయిదు రోజుల కిందట అక్కడా డేరాలు వేశారు. ఇదంతా తెలిసీ మీరు గుండం వైపు పోలేదు. ఎందుకంటే మీకు భయం. మల్లభూపతి అంటే కాదు, తప్పు బయటపడుతుందని."



"ఈ ముసలివాణ్ణి చెరలో వేయండి" అంది ముప్పసాని.

సభ చాలించి అంతఃపురంలో తలుపు వేసుకుంది. తనలో రగులుతున్నది కోపమనుకుంది. గదిలో ఇటు నుంచి అటు నడుస్తూ బేతనకు జవాబులు చెప్పసాగింది. నువ్వు ఏటిగట్టు యుద్ధంలో ఓడిపోలేదా? ఆ కాలు అక్కడ పోగొట్టుకున్నదే కదా? నా మగడి ముందు ఇలా నోరెత్తేవాడివా? ఒక్కొక్క జవాబూ ఒకదాన్ని మించి ఒకటి పదునుగా వస్తోంది. సభలో ఇవి తోచలేదేమని బాధ కూడా కలిగింది. అన్నం ముట్టలేదు. దాసి తెచ్చిన చెంబెడు నీళ్లు అందుకుంది.

నీళ్ల అడుగున మట్టి ఉంది.

ఆమె నడక ఆగింది. పొద్దుటి నుంచి బేతనకు ఇరవై జవాబులు చెప్పింది. ఆ ఇరవైలో గుండంలో నీళ్లున్నాయన్న జవాబు ఒక్కటీ లేదు. అతని కాలు ఉంది, అతని ఓటమి ఉంది, తన మగడున్నాడు, నీళ్లు మాత్రం లేవు. ఎందుకు లేవు? ఆ మాట అబద్ధమైతే మొదట వచ్చేది ఆ జవాబే కదా?

నాకు తెలుసు. పది రోజులుగా తెలుసు.

అప్పుడు వచ్చింది అసలు భయం.

మిట్టమధ్యాహ్నపు ఎండలో రాణి చెప్పులైనా లేకుండా గుండానికి నడిచింది. మాచవ్వ ఆమెను చూసి, చేతులు నోటికి అడ్డం పెట్టుకొని, గట్టుకు ఒదిగిపోయింది.

"నీ నాలుకకేం భయం లేదు మాచవ్వా. తాడు ఇవ్వు."

రాణి తానే తాడు దించింది. బార, రెండు బారలు, అయిదు, తొమ్మిది. పదకొండో బారకు కడవ రాతికి తగిలి ఖంగుమంది. ఆ చప్పుడుకు గట్టు మీది ఆడవాళ్లందరూ ఒక్కసారి కళ్లు మూసుకున్నారు.

"అడుగున మిగిలిన నీళ్లు ఎన్నాళ్లకు వస్తాయి?"

"రెండు రోజులమ్మా. పిల్లలకు మాత్రం పోస్తే మూడు."

"తూము ఎలా కారింది?"

మాచవ్వ అటూ ఇటూ చూసింది. "మంత్రిగారి మనుషులు బాగుచేస్తామని మూత ఊడదీశారు. మళ్లీ పెట్టలేదు."

వెన్నయను కట్టి తెచ్చారు. అతడు బుకాయించలేదు. "మల్లభూపతి నాకీ కోట రాసిస్తానన్నాడు. నేను చేసింది ఒక మూత తీయించడమే. పది రోజులు ఎవరూ నోరెత్తకుండా చూసింది తమరే మహారాణీ" అన్నాడు.

ఆమె అతణ్ణి కొట్టలేదు. ఆ మాటా నిజమే అయినందుకు కాబోలు, చెరకు పంపి ఊరుకుంది.

పొద్దు వాలుతుండగా బేతన ఉన్న కొట్టు ముందు నిలబడి తలుపు తానే తీసింది. "దండనాయకా, తాడు దించి చూశాను. నువ్వన్నదంతా నిజం. భయపడ్డదీ నిజమే."

ముసలివాడు కుంటికాలు ఈడ్చుకుంటూ బయటికి వచ్చాడు. "ఇక పడమటి లోయలోకి దిగే దిడ్డివాకిలే దిక్కు తల్లీ. రేపు మధ్యాహ్నం ఎండకు వాళ్లు డేరాల్లో కునుకు తీసే వేళ, తూర్పు సింహద్వారం తెరిచి నేను రెండు వందల మందితో దూకుతాను. లోయలోని దండు ఇటు పరుగెత్తుకొస్తుంది. జనం అటు దాటాలి."

"ద్వారం దగ్గర నేనుంటాను. తప్పు నాది. చావూ నాదే కావాలి."

"వద్దు" అన్నాడు బేతన. "కత్తి పట్టడం మీకు రాదు. తాంబూలం నమిలేంతసేపు నిలవరు. మీరు చస్తే మీ మనసు తేలికవుతుంది గాని జనం దాటరు. ఇదీ అహంకారమే తల్లీ."

మళ్లీ చెవులు వేడెక్కాయి. నోటిదాకా ఒక జవాబు వచ్చింది. ఆమె గోడకు చెయ్యి ఆనించి ఆ వేడి దిగేదాకా నిలబడింది.

"నిజమేనా?"

"నిజమే."

"అయితే జనంతో పోతాను" అంది, ఏడుస్తూనే.

మరునాటి మధ్యాహ్నం సింహద్వారం మీద బేతన ఢంకా మోగింది. అది మోగినంతసేపూ ద్వారం నిలిచి ఉన్నట్టు. పడమట లోయలోని దండు ధూళి లేపుకుంటూ తూర్పుకు మళ్లింది. దిడ్డివాకిలి తెరుచుకుంది. పసిపిల్లల నోళ్లకు తడిగుడ్డలు పెట్టి, ముసలివాళ్లను వీపున మోసుకొని, పన్నెండు వందల మంది రాళ్ల మీదుగా దిగసాగారు. ముందు ముప్పసాని.

సగం లోయ దాటారు. ఢంకా మోగుతోంది. ముళ్లకు పాదాలు చీరుకుపోతున్నాయి. మోగుతోంది. అడవి అంచు కనబడింది.

ఢంకా ఆగిపోయింది.

ఎవరూ వెనక్కి చూడలేదు. రాణి ఒంట్లోని ప్రతి నరమూ పరుగెత్తమంది. ఆమె అడుగు పెద్దదయింది, ఇంకా పెద్దదయింది. వెనక నుంచి మాచవ్వ గొంతు వినబడింది, రొప్పుతూ, బెదురుతూ:

"దొరసానమ్మా, తమరు మరీ జోరుగా పోతున్నారు. ముసలివాళ్లు వెనకబడిపోతున్నారు."

ముప్పసాని చెవులు వేడెక్కాయి.

ఆగింది. వెనక్కి నడిచి, అందరికన్నా వెనకనున్న ముసలామెను వీపుకెత్తుకొని, ఆ వరస చివరన నడవసాగింది.