తొమ్మిదడుగుల ర్యాంపు

నేను కట్టిన ర్యాంపు మీదికెల్లి నేనే జారిపడ్డ రోజు నాకు యమున పరిచయమైంది.

జనగామల ఒక సర్కారు ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను. చెప్తే, మమ్మల్నెందుకు ఇడిసిపెట్టినవని మిగిలిన ఆఫీసులు అలుగుతయ్. నా పేరు ఎల్లేశ్. సివిల్ డిప్లొమా చదివి, ఉప్పలయ్య అనే కాంట్రాక్టర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తుంటి. తెల్లారితే ర్యాంపు ప్రారంభోత్సవం. గోడ మీద చక్రాల కుర్చీ బొమ్మ గీసి, దానికి రంగేసుకుంట, మస్తు కుదిరిందని నాకు నేనే మురిసిపోతున్న.

గేటు కాడ ఆటో ఆగింది. ఒక పెద్దమ్మ దిగి, ఎనుకనుంచి చక్రాల కుర్చీ తీసి ఇప్పింది. లోపలున్న పిల్ల రెండు చేతుల మీద బరువు మోపి, ఆటోలకెల్లి కుర్చీలకు జరిగింది. ఇరవై ఐదేండ్లుంటయేమో. పెద్ద పెద్ద కండ్లు. ఆ కండ్లు నా దిక్కు చూస్తయేమోనని జుట్టు సదురుకున్న. అవి నా ర్యాంపు దిక్కు చూసినయ్.

"గిదేంది? జారుడుబండనా?"

"ర్యాంపు మేడం. మీ అసొంటోల్ల కోసమే."

"ఎవరు కట్టిండ్రు?"

"నేనే," అన్న, ఛాతి ఇంత చేసుకోని.

"ఎక్కి చూసినవా?"

"పొద్దటిసంది పదిసార్లు ఎక్కిన, దిగిన."

"నడుసుకుంటనా? నడిచేటోల్లకు పక్కన మెట్లున్నయ్ గదా. దా, ఇండ్ల కూసోని ఎక్కు."

తమాషాకు అంటుందనుకున్న. ఆమె నిజంగనే కుర్చీలకెల్లి ఆటో సీటు మీదికి జరిగి, కుర్చీ నా దిక్కు తోసింది. వాచ్‌మెన్ చూస్తుండు. ఆటో డ్రైవర్ చూస్తుండు. ఇజ్జత్ కా సవాల్. కూసున్న. రెండడుగులు ఎక్కిన. మూడో అడుగు కాడ చక్రాలు మొండికేసినయ్. నాలుగో అడుగుకు ఆకాశం కనబడ్డది. కుర్చీ ఎనుకకు ఉరికింది. రేపటి ప్రారంభోత్సవానికి తెచ్చిన బంతిపూల కుండీల నడుమ తేలిన.

పెద్దమ్మ ఉరికొచ్చింది. "అయ్యో, బండికేం కాలే గదా!" అని కుర్చీ చక్రాలు తిప్పి చూసింది. ఆమె యమున వాళ్లమ్మ ఓదెమ్మ. దేవరుప్పుల నుంచి వచ్చిండ్రు. నన్ను ఎవ్వలూ లేపలే.

యమున పరీక్ష రాసి, వికలాంగుల కోటాల జూనియర్ అసిస్టెంట్‌గా సెలెక్ట్ అయింది. ఆ రోజే జాయినింగ్‌కు ఆఖరు రోజు. సంతకం పెట్టాల్సిన రిజిస్టర్ మాత్రం మొదటి అంతస్తుల ఉన్నది. లిఫ్ట్ ఫైల్‌ల ఉన్నది. ర్యాంపు నా పుణ్యాన గట్లున్నది.

సూపరింటెండెంట్ శామ్యూల్ సారు కిందికొచ్చిండు. మంచి మనిషే. ఆ మంచితనంతోనే అసలు తిప్పలు.

"ఏం పరేషాన్ కాకమ్మా. మా పోరగాండ్లు నలుగురు కుర్చీతో సహా ఎత్తుకొస్తరు."

"నేను ఉద్యోగానికి వచ్చిన సార్, ఊరేగింపుకు కాదు. రిజిస్టర్ కిందికి తెప్పియ్యిండ్రి."

"రిజిస్టర్ కిందికి రాదమ్మా. రూల్ లేదు."

"నన్ను పైకి మోసుకపొమ్మని రూలున్నదా?"

శామ్యూల్ సారు గడ్డం గోక్కున్నడు. అరగంటకు రిజిస్టర్ కిందికి దిగింది. నిలబెట్టిన బైకు సీటు మీద పెట్టి యమున సంతకం చేసింది.

తెల్లారి ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి రిబ్బన్ కత్తిరించి ర్యాంపు ఎక్కుతుంటే చెప్పు జారింది. అటొకలు ఇటొకలు రెక్కలు పట్టుకోని పైకి చేర్చిండ్రు. మీదికెక్కి మైకుల, "వీళ్లు వికలాంగులు కాదు, దివ్యాంగులు!" అన్నడు. చప్పట్లే చప్పట్లు. ఆ దివ్యాంగురాలికి పూలగుత్తి కింద, పార్కింగ్‌ల ఇచ్చిండ్రు.

"పేరు మార్చుడు సులువు," అన్నది యమున నాకు ఇనబడేటట్టు. "నేల మార్చుమంటేనే అందరికీ నడుము నొస్తది."

ఆఫీసు మొత్తానికి పెద్ద, మా పెద్దసారు, ఆమె మీద దయ చూపిచ్చిండు. "ఇంట్లనే ఉండమ్మా, జీతం అదే వస్తది," అన్నడు. ఆమె ఒప్పుకోలే. పార్కింగ్ షెడ్డుల ఒక టేబుల్ ఏపిచ్చుకోని, బైకుల నడుమ కూసోని ఫైళ్లు చూసుడు మొదలుపెట్టింది.

నాకు ప్రహరీగోడ రిపేరు పని ఇంకా మిగిలున్నది. రోజూ షెడ్డు ముందటికెల్లే పోవాలె. పోవాల్సిన పనిలేని రోజు కూడ పోతుంటి.

"ర్యాంపు సార్, కొలతలు ఎరుకేనా?" అని అడిగింది ఒకనాడు. "ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉండాలె. ఈ బిల్డింగు గడప నేలకు మూడడుగుల ఎత్తు. అంటే ముప్పైయారు. నువ్వు కట్టింది తొమ్మిది. డిప్లొమాల చెప్పలేదా?"

"చెప్పే ఉంటరు. నేనే ఆ రోజు సినిమాకు పోయినట్టున్న."

నవ్వింది. ఆ నవ్వు కోసం చదువు మొత్తం ఎగ్గొట్టినా తప్పులేదనిపిచ్చింది.

"రెండువేల పదహారుల వికలాంగుల హక్కుల చట్టం చేసిండ్రు," అన్నది. "సర్కారు బిల్డింగులన్నీ మార్చుటందుకు ఐదేండ్ల గడువు. ఆ గడువు ఎన్నడో దాటిపోయింది. దానికి మాత్రం ఏ మెట్లూ అడ్డం రాలే."

జూలైల ఒకరోజు వాన దంచికొట్టింది. షెడ్డు రేకులకు ఎన్ని బొక్కలున్నయో ఆ రోజు లెక్క తేలింది. నేను సిమెంటు బస్తాల మీది తాటిపత్రి గుంజుకొచ్చి ఆమె నెత్తి మీద పట్టుకున్న.

"నా నెత్తికి ఏం కాదు. ఫైళ్ల మీద పట్టు."

పట్టిన. ఇద్దరం తడిసినం, ఫైళ్లు తడవలే. ముక్కు మీదికెల్లి కారే నీళ్లు తుడుసుకుంట అడిగింది, "రోజూ ఎందుకొస్తున్నవ్? పుణ్యం కోసమా? పుణ్యం అయితే రేపటిసంది రాకు."

"కాదు. ఇక్కడ చాయ్ మంచిగుంటది."

"ఇక్కడ చాయ్ దుకాణమే లేదు."

"అయితే నాకే తెల్వదు ఎందుకొస్తున్ననో."

ఆమె ఫైల్ తెరిచి చదివినట్టు చేసింది. ఫైల్ తలకిందులున్నది.

యమున హైదరాబాద్‌ల వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పెట్టింది. ఆ ఫిర్యాదు కోసం ర్యాంపు ఫైల్ తెప్పిచ్చుకున్నది. ఒకనాడు పొద్దుగాల నేను గుడ్‌మార్నింగ్ చెప్పబోతే, ఒక కాగితం నా దిక్కు తిప్పింది.

"గిది నీ సంతకమేనా?"

కొలతల కాగితం. ర్యాంపు పొడుగు ముప్పైయారు అడుగులు. కింద నా పేరు.

"ఉప్పలయ్య అన్న పెట్టుమన్నడు. నేను చదవలే..."

"నీకు కొలతలే తెల్వనట్టు ఇన్నవ్ గదా ఇన్నొద్దులు! కాగితం మీద ముప్పైయారు రాసి, నా ముందు తొమ్మిదడుగుల అమాయకుడు లెక్క కూసున్నవ్." గొంతు పెద్దగ చేయలే. అదే ఇంకా కొట్టినట్టయింది. "పెద్దసారుకు నా మీద దయన్న ఉన్నది. నీకు అదీ లేదు. పో."

ఎనిమిది రోజులు నా ఫోన్ ఎత్తలే. తొమ్మిదోనాడు విచారణకు హైదరాబాద్ నుంచి ఒక మేడం వస్తదని తెలిసింది. ఉప్పలయ్య నన్ను కారుల ఎక్కిచ్చుకోని బుజ్జగిచ్చిండు. "తమ్మీ, ముప్పైయారే కట్టినం, పార్కింగ్ కోసం తర్వాత కొంచెం కొట్టేసినం అని చెప్పు. అయిపోతది. వచ్చే వర్కుల నిన్నే ఇంచార్జి చేస్త."

"లేకుంటే ఏమైతదన్నా?"

"లేకుంటే ఈ జిల్లాల నీకు తాపీ పట్టే పని కూడ ఇయ్యనియ్య."

విచారణ మేడం టేపు పట్టుకోని వచ్చింది. ర్యాంపు కొలిచింది. కాగితం చూసింది. "ఎవరు ఎల్లేశ్?" అన్నది. యమున కుర్చీ కొంచెం దూరంల ఉన్నది. మొఖం అటు తిప్పుకున్నది.

"నేనే మేడం. కట్టింది తొమ్మిదడుగులే. కొట్టేసింది ఏం లేదు. పెద్దసారు కారుకు జాగ కావాలన్నరు, ఉప్పలయ్య కుదిచ్చుమన్నడు, నేను కుదిచ్చిన. చదవకుంట సంతకం పెట్టిన. తప్పు నాది కూడ."

"రాసిస్తవా?"

"చదివి, రాసిస్త."

మేడం నవ్వు ఆపుకున్నది. యమున నవ్వలే. నా దిక్కు కూడ చూడలే. ఆ సాయంత్రమే నా ఉద్యోగం పోయింది. ఉప్పలయ్య చెప్పింది చెప్పినట్టు చేసిండు. జనగామల ఏ సైటుకు పోయినా పని లేదన్నరు. బట్టలు సర్దుకోని భూపాలపల్లి బస్సెక్కిన. మా బాపు రాములు అక్కడ బొగ్గుబాయిల పనిచేస్తడు. మాది కార్మికుల క్వార్టర్.

మూడు నెలలు చిన్న చిన్న ఇండ్ల రిపేర్లు చేసుకుంట గడిపిన. ఫోన్ మోగిన ప్రతిసారి గుండె ఎగిరేది. ప్రతిసారి లోన్ కావాల్నా అని ఎవరో అమ్మాయి అడిగేది.

ఒక ఆదివారం పొద్దుగాల మా క్వార్టర్ ముందట కారు ఆగింది. ఓదెమ్మ దిగి కుర్చీ ఇప్పింది. నేను బనీను మీదున్న.

మా ఇంటికి నాలుగు మెట్లు. వరుసల అన్ని ఇండ్లకు నాలుగే. యమున మెట్ల కాడికొచ్చి ఆగింది. బాపు ఉరికొచ్చి, "ఎత్తుకుందాం, పట్టు బిడ్డా," అని నా దిక్కు చూసిండు.

"వద్దు మామా. మీరే బయటికి రాండ్రి, మాట్లాడుకుందాం."

ఐదు నిమిషాలల్ల గల్లీల కుర్చీలు పడ్డయ్. పక్కింటోల్లు కూడ వాళ్ల కుర్చీలు తెచ్చుకున్నరు. చాయ్ తెచ్చిండ్రు. ఓదెమ్మ చెప్పింది: కమిషనర్ ఆర్డర్ వచ్చింది, సెక్షన్ మొత్తం కింది అంతస్తుకు దిగింది, కొత్త ర్యాంపు పని నడుస్తుంది, ఉప్పలయ్యకు నోటీసు పోయింది.

"మరి మూడు నెలలు ఫోన్ ఎందుకు చేయలే?" అన్న, అందరి ముందట.

"ముందుగాల నా టేబుల్ సంగతి తేల్చుకోని, తర్వాత నీ సంగతి చూద్దామనుకున్న. నాకు కోపం కూడ తగ్గాలె గదా. సగం తగ్గింది."

అమ్మ చాయ్ గ్లాసు పట్టుకోని నిలబడ్డది. యమున మీద నా మనసు సంగతి అమ్మకు ఎరుకే, మనసుల దాచుకునుడు ఆమెకు రాదు. "బిడ్డా, తప్పుగ అనుకోకు. మా వోడు నిన్ను జీవితాంతం చూసుకోవాలె గదా. ఆని తోని అయితదా?"

నాకు భూమిల దూరిపోదామనిపిచ్చింది. యమున చాయ్ తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"అత్తా, లేచి, తయారై, వంట చేసి, ఆఫీసుకు పోతున్న. జీతం నాది. తిప్పలు వచ్చేది మెట్ల కాడనే. ఇగ మీ వోని సంగతి చెప్పుండ్రి. ఉద్యోగం లేదు. సంతకం పెట్టేముందు చదవడు. జీతమున్న నేను ఆయన్ని చూసుకునుడా, ఆయన నన్నా?"

ముందుగాల నవ్వింది మా బాపే. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. అమ్మ కొంచెంసేపు గంభీరంగ ఉందామని చూసింది, కుదరలే. "కూరగాయలతోని అన్నం తింటవా, కోడికూర చేయాల్నా?" అన్నది. మా ఇంట్ల అమ్మ కోడికూర మాట ఎత్తిందంటే సంబంధం ఖాయమైనట్టే.

అందరూ వంట హడావిడిల పడ్డరు. ఓదెమ్మ కూడ ఉల్లిగడ్డలు కోసుటందుకు పోయింది. గల్లీల మేమిద్దరం మిగిలినం. బనీను మీద ఇప్పుడన్న అంగీ ఏసుకుందామా అని ఆలోచిస్తున్న.

"మీ అమ్మ అడిగింది, మీ బాపు నవ్విండు, పక్కింటోల్లు పెండ్లి ఎప్పుడని మా అమ్మను పట్టుకున్నరు," అన్నది యమున. "అసలు అడగాల్సినోడు ఒక్కడే ఇంకా నోరు తెరువలే."

ఆమె పక్కన మెట్టు మీద కూసున్న. అప్పుడు మా ఇద్దరి కండ్లు ఒక్క ఎత్తుల ఉన్నయ్.

"నన్ను... న... నన్ను చేసుకుంటవా?"

"తడబడకుంట అడుగు."

"యమునా, నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"చేసుకుంట," అన్నది. "పో, ఇగ అంగీ ఏసుకో. గల్లీ మొత్తం కిటికీలల్ల నిలబడి చూస్తుంది."