లిఫ్టుకి పోయిన పరీక్ష

పొద్దున్నే బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న కోడలికి లోపల మొగుడి అరుపులు వినిపించాయి. అతను లేత్ మెకానిక్. కోపమొస్తే ఇల్లంతా వర్క్‌షాపే.

"పోయినేడు పరీక్ష చేసి ఏమీ లేదన్నారు కదా! ఇప్పుడేమో ఎముకల్లోకి పాకింది, చేసేదేం లేదంటారా? ఆ పరీక్ష చేసిన నర్సుని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాను. ఉద్యోగం ఊడాల్సిందే!"

కోడలి చేతిలోంచి తడి దుప్పటి జారిపోయింది. అత్తగారి రొమ్ములో పుట్టిన జబ్బు ఇక లొంగదని డాక్టరు నిన్ననే తేల్చేసింది. పాపం, ఆ నర్సు తప్పేమీ లేదని ఈ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరికే తెలుసు.

పోయినేడు ఆరోగ్య కేంద్రం వాళ్ళొచ్చి, ఈ బిల్డింగులో నలభై దాటిన ఆడవాళ్ళందరూ రొమ్ము పరీక్ష చేయించుకుంటే పాడైన లిఫ్టు బాగుచేయిస్తామన్నారు. అందరూ అంటే అందరూ, ఒక్కరు తగ్గినా లేదు. ఇంకేముంది, నాలుగంతస్తులూ ఒకరి వెంట ఒకరు పడ్డారు. అత్తగారు మాత్రం ససేమిరా అంది. మెట్ల మీద ఎదురైనవాళ్ళల్లా, "మీ పెద్దావిడ మొండితనానికి మేమంతా మోకాళ్ళు అరగదీసుకోవాలా?" అని కోడల్ని నిలదీశారు. ఆఖరి రోజున అత్తగారే, "నా పేరుతో కూడా నువ్వే వెళ్ళొచ్చెయ్ తల్లీ, పీడా వదులుతుంది" అంది. తన పరీక్ష అప్పటికే అయిపోయినా, కోడలు ముఖానికి మాస్కు తగిలించుకుని రెండోసారి వెళ్ళింది. వరుసలో ఉన్న పక్కింటావిడ గుర్తుపట్టి కూడా కిమ్మనలేదు. లిఫ్టు కదిలిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు, కోడలితో సహా.

"ఏమండీ, ఆగండి. అత్తయ్య పేరుతో ఆ పరీక్షకి వెళ్ళింది నేను."

అతను చెప్పుల దగ్గరే ఆగిపోయాడు. విషయమంతా విని భార్య మీద విరుచుకుపడ్డాడు. "మా అమ్మని చేజేతులా చంపుకున్నావు కదే!"

"దాన్ననకురా, నేనే పంపాను," అంది పెద్దావిడ మంచం మీంచి. "అప్పటికే చేతికి గడ్డ తగిలేది. వెళితే అదేంటో చెప్పేస్తారని భయమేసింది."

"తగిలేదా? నాతో ఒక్క మాట అనాల్సింది కదా అత్తయ్యా!"

"నువ్వడిగావా?"

కోడలు నేల మీద కూలబడి భోరుమంది. నిజమే. రమ్మని బిల్డింగంతా బతిమాలింది, బెదిరించింది. ఎందుకు రావడంలేదని తనతో సహా ఒక్కరూ అడగలేదు.

నొప్పికి ఇంజెక్షన్ ఇప్పించాలని బయల్దేరారు. పక్కింటావిడ లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడింది. అతను అటు చూడకుండా తల్లిని ఎత్తుకుని మెట్లవైపు తిరిగాడు.

"దింపరా," అంది పెద్దావిడ. "ఈ లిఫ్టుకి నేనిచ్చుకున్నంత ఖరీదు ఎవరిచ్చారు? నన్నెక్కనీ."

పక్కింటావిడ తల దించుకుంది. లిఫ్టులో పెద్దావిడ కోడలి భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది. అతను భార్య చేతిలోని మందుల సంచీ తను తీసుకుని, కిందికి వెళ్ళే బటన్ నొక్కాడు.