గుండయ్య గుంజ

మీరాలం చెరువు ఒడ్డున మా రేవు ఉండేది. రేవంటే పెద్దగా ఏమీ లేదు. నీళ్ళలోకి కొంతదూరం వేసిన చెక్కల బల్ల, దాని అంచున వరసగా పడవలు కట్టే గుంజలు. ఒక్కో గుంజ ఒక్కో మనిషిది. కాస్త అవతల పాతకాలపు రాతిమెట్లు విరిగిపడి ఉండేవి. వాటిని ఘాట్ అనేవాళ్ళం. అక్కడ నీళ్ళ కింద బండరాళ్ళు. దినాల స్నానాలకు తప్ప ఎవరూ అటు వెళ్ళరు. చార్మినార్ నుంచి చేపల కోసం వచ్చే బేరగాళ్ళు రెండింటినీ ఘాట్ అనే అనేవారు. వాళ్ళకేం, నీళ్ళలో దిగేది మేము కదా.

మా అన్న గుండయ్య ఆ చెరువులోనే పోయాడు. ఆ రోజు పడవలో అతనితో ఉన్నది భిక్షపతి. "పడవ తిరగబడ్డది ఎల్లప్పా. చెయ్యి పట్టిన, జారిపోయిండు" అంటూ లాల్‌దర్వాజాలో మా ఇంటి గడప మీద కూలబడి ఏడ్చాడు. శవం దొరకలేదు. నీళ్ళలో పోయినవాడి గుంజను దినాల నాడు పీకెయ్యాలని మావాళ్ళ ఆచారం. లేకపోతే వాడు మళ్ళీ రేవుకొస్తాడట. మా వదిన సక్కుబాయి పీకనివ్వలేదు.

"శవమే దొరకలే. ఆయనొస్తే పడవ దేనికి కడ్తడు?" అంది.

భిక్షపతి మాత్రం పీకెయ్యమని నా వెంటపడి బతిమాలాడు. అన్న మీద ప్రేమ అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఆ తర్వాత అతనే నాకు అన్న. ఒకే పళ్ళెంలో తిన్నాం. నేను వల తీసి వచ్చేదాకా రేవు మీద కందీలు పట్టుకొని నిలబడేవాడు. చీకటి పడితే దీపం దిక్కే పడవ తిప్పాలి, పిలుపు దిక్కు తిప్పకూడదు. నీళ్ళ మీద గొంతు ఎటునుంచి వస్తుందో నమ్మలేం. ఇది నాకు మా అన్నే నేర్పాడు.

చలికాలంలో ఒక సాయంత్రం వల తీస్తుండగానే పొగమంచు దిగింది. ఒడ్డు కనబడకుండా పోయింది. మసీదులో అజాన్ ముగిశాక తెడ్డు చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. నాచు వాసన ముక్కుకు గట్టిగా కొడుతోంది. కాసేపటికి మంచులో కందీలు పచ్చగా కనిపించింది. హమ్మయ్య అనుకొని అటు తిప్పాను.

"తమ్మీ... ఇటు..."

కుడివైపు నుంచి. దీపం లేని వైపు నుంచి... ఆ గొంతు నాకు తెలుసు. తెడ్డు ఆగిపోయింది.

"అటు పోకు తమ్మీ..."

దీపం వైపు అరిచాను. "భిక్షపతన్నా, నువ్వేనా?"

"నేనే. దా, దా."

బతికున్న మనిషి గొంతు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బలమంతా పెట్టి తెడ్డు వేశాను.

పడవ అడుగు రాయికి తగిలి చీలిపోయింది... అది రేవు కాదు. ఘాట్.

నీళ్ళలో పడ్డాను. మెట్టు అంచు చేతికి దొరికింది. పైన భిక్షపతి. కందీలు కింద పెట్టి, నా వేళ్ళ మీద కాలు వేశాడు. నా వంక చూడలేదు. నా వెనక నీళ్ళతో గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"గుండన్నా... ఆనాడు నీ చెయ్యి ఇడిపించుకున్నది నేనే. నీ తమ్ముని తెచ్చిచ్చిన. ఇగ నా ఎంట రాకు."

వేళ్ళ నొప్పి నాకు తర్వాత తెలిసింది. ముందు తోచింది ఒక్కటే. నా పళ్ళెంలో తిన్న మనిషి.

చెయ్యి జారింది. మునిగాను. చెవుల్లో హోరు... చీకటి... అప్పుడు నా చీలమండను ఏదో చుట్టుకుంది. లాగింది. లోతుకు కాదు... పక్కకు.

తేలేసరికి తలకు చెక్కలు తగిలాయి. మా రేవు. పైకి పాకి పడిపోయాను. అన్నే కాపాడాడని వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత కాలు కదపబోయాను. కదల్లేదు.

చీలమండకు తాడు. రెండో కొస అన్న గుంజకు. పడవను కట్టినట్టు కట్టి ఉంది.

అడుగుల చప్పుడు వినిపించింది. ఒడ్డు వెంట భిక్షపతి కందీలుతో వచ్చాడు. వంగి, నా ముఖం చూడకుండా, కాలి ముడి దగ్గర దీపం పెట్టాడు. చాలాసేపు చూశాడు. నెలల తరబడి బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"అన్న ముడే. నిన్ను కట్టేసుకున్నడు. ఇగ నాకు ఫికర్ లేదు."

దీపం ఆర్పి వెళ్ళిపోయాడు.

మొలలోని కత్తితో తాడు కోసి ఇంటికి పరిగెత్తాను. కాలి చుట్టూ ముడి మాత్రం ఉండిపోయింది. కత్తి మొన కూడా దూరనంత బిగుతు. వదిన తలుపు తీసింది. నా తడి బట్టలూ, నలిగిన వేళ్ళూ ఆమెకు పట్టలేదు. కింద కూర్చొని ఆ ముడిని వేళ్ళతో తడిమింది. అన్న పోయాక ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

తలెత్తి నా భుజం మీదుగా వెనక్కి చూసింది.

"లోపలికి రమ్మను. గడపల ఎందుకు నిలబడ్డడు?"

నేను తిరగలేదు. వెనక గచ్చు మీద నీళ్ళు కారుతున్న చప్పుడు... నా బట్టల నుంచే అనుకున్నాను. అప్పుడే కాలి ముడి మెల్లగా బిగిసింది.