ఉప్పు సరిగానే ఉంది

ఆ శనివారం మధ్యాహ్నం షెఫీల్డ్‌లోని ఆ ఇంట్లో నలుగురున్నారు. సోఫాలో మామయ్య కిషన్‌రావు, బయటి నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా. వంటగది గుమ్మంలో అత్తమ్మ పుష్పలీల, చేతిలో గరిటెతో. మెట్ల మీద వాళ్ల కూతురు హాసిని, పద్నాలుగేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టింది. హీటర్ పక్కన గోడకు అంటుకుపోయి అత్తమ్మ మేనకోడలు ప్రవల్లిక. ఇంకొకటి కూడా ఉంది... మామయ్య చేతిలో ప్రవల్లిక డైరీ!

ఆ నీలం అట్ట పుస్తకం వైపు ప్రవల్లిక చేయి చాచబోయి ఆగింది. అది పొద్దున తన బ్యాగులోనే ఉంది కదా!

“ఐ టోల్డ్ యూ, డాడ్. షీ రైట్స్ ఎవ్రీథింగ్ డౌన్. లైక్ ఎ స్పై,” అంది హాసిని.

“ఇంట్ల రాసే పిల్ల ఉంటే గోడలకు చెవులు కాదు, చేతులు మొలిచినట్టే!” మామయ్య నవ్వాడు. ఆ నవ్వు చూస్తే భయమేసింది. “ఎవరి కోసం రాస్తున్నవ్? మీ నాయనకా? ఆయన బావ ఉద్యోగం ఊడుతున్నదని ఊరంత చాటనీకా?”

ప్రవల్లిక జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆరు నెలలు. మేనత్త ఇంట్లో ఉండి సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. ఈ టర్మ్‌లో సాఫ్ట్‌వేర్ క్లాసు వదిలేసి చరిత్ర, రచన నేర్పే క్లాసు తీసుకున్నప్పుడు మామయ్య ఇల్లెగిరిపోయేలా అరిచాడు. “లెక్కలు రానోళ్లు కథలు చదువుకుంటరు! ఇంజనీర్‌కు ఎందుకవి?” ఆయన ఇంజనీరే మరి. పద్దెనిమిదేళ్లుగా ఈ దేశంలో సైట్ల మీద తిరిగినవాడు.

అలాంటి మనిషికి పోయిన వారం పిడుగు పడ్డట్టయింది. ఆయన చూసే సైట్‌లో మట్టికట్టను ఆపే గోడ వానకు జారిపోయింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ కంపెనీ ఉత్తరం పంపింది. ప్రమాదం ఉందని ముందే హెచ్చరించారా? సోమవారంలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆయన హెచ్చరించాడు, నోటితో! మేనేజరేమో తనకెవరూ చెప్పలేదంటున్నాడు. మూడు రోజులుగా మామయ్య ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మూడు లైన్లు రాశాడు. నీళ్లు చేరాయి, చెప్పాను, వినలేదు. అంతే! అప్పటినుంచి ఆ ఇంట్లో అందరి మీదా అనుమానమే. అత్తమ్మ ఫోనెత్తితే అనుమానం. హాసిని తలుపేసుకుంటే అనుమానం. ఇప్పుడు ఈ డైరీ...

“చదువు!” ఆయన ఒక పేజీ తెరిచి ప్రవల్లిక చేతిలో పెట్టాడు. “దీంట్ల నా సంగతి కనబడ్డది. ఏం రాసినవో అందరు వినేటట్టు చదువు!”

ఆ ఇంట్లో ఆమె గొంతెత్తి ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగదు. వేలితో వరుస పట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

“ఫిబ్రవరి పది, మంగళవారం. నాలుగో రోజు కూడా వాన. మామయ్య ఆరున్నరకు వచ్చాడు. ప్యాంటుకు మోకాళ్ల దాకా బురద. గోడ వెనక నీళ్లు నిలుస్తున్నాయని, నీళ్లు బయటికి పోయే పైపు పూడుకుపోయిందని, పొద్దున సైట్‌లో మేనేజర్‌కు చెబితే ఎండాకాలం చూద్దామన్నాడని అత్తమ్మతో అన్నాడు...”

“ఆగు! మళ్ల చదువు!” మామయ్య లేచి నిలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు! “తారీఖుతోని సహా ఉన్నది! నేను చెప్పిన్నని ఉన్నది! బిడ్డా, ఇది ఇంగ్లీషుల రాసియ్యి, ఇప్పుడే!”

ఆరు నెలల్లో ఆయన బిడ్డా అనడం ఇదే మొదలు. ప్రవల్లికకు ఆ పిలుపు మీద నమ్మకం కలగలేదు.

“ఇంకా ఉంది మామయ్యా...” అని పేజీ మీంచి తలెత్తకుండా చదివింది. “అన్నం దగ్గర కూరలో ఉప్పెక్కువైందని మామయ్య కంచం విసిరాడు. అత్తమ్మ కింద కూర్చుని మెతుకులేరుతూ తన చేతిదే తప్పు అంది. నేనూ అదే కూర తిన్నాను. ఉప్పు సరిగానే ఉంది.”

మెట్ల మీద హాసిని చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది.

“ఆ కింది ముక్క చించెయ్యి,” అన్నాడు మామయ్య.

ఆమె డైరీని గుండెకు హత్తుకుంది. “చించితే నమ్మరు మామయ్యా... మా క్లాసుల పాత ప్రమాదాల విచారణలు చదివిస్తున్నరు. శానమందికి ముందే తెలుసు, కానీ రాసినోళ్లు తక్కువ. రాసినోళ్లలో కూడా, తమకు పనికొచ్చేది ఒక్కటే రాసినోళ్లను నమ్మలే. ఆ రోజు జరిగిందంతా ఉన్న కాగితాన్నే నమ్మిన్రు...”

“బెదిరిస్తున్నవా నన్ను?” ఆయన గిర్రున అత్తమ్మ వైపు తిరిగాడు. “నువ్వే రాయించినవా?”

అత్తమ్మ గరిటె కింద పెట్టింది. ఆయన మాట ఆమెకు వినబడినట్టే లేదు.

“ఉప్పు... నిజంగనే సరిగ్గ ఉండెనా బిడ్డా?”

“ఉండె అత్తమ్మా.”

అత్తమ్మ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచి దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది!

“పదహారేండ్లు! నా నాలుకకే ఏదో రోగమొచ్చిందనుకున్న. మూడు మూడుసార్లు రుచి చూసి వడ్డిస్తున్న... నిజం చెప్పినా ఎవరూ నమ్మకపోతే ఎట్లుంటదో మీకు ఈ వారమే తెలిసింది. నాకు పదహారేండ్ల సంది తెలుసు!”

మామయ్య కూలబడ్డట్టు సోఫాలో కూర్చుని బురద ఎండిన తన బూట్ల వైపు చూశాడు.

“మొత్తం రాయి... కంచం సంగతి కూడా.”

ఇది పశ్చాత్తాపమా... ఉద్యోగం కాపాడుకునే ఎత్తా? ప్రవల్లిక ఆయన ముఖం కాదు, చేతులు చూసింది. పేజీ చించడానికి ఒక్క క్షణం చాలు!

అత్తమ్మ వచ్చి డైరీ పట్టుకుంది. ప్రవల్లిక వేళ్లు వదల్లేదు.

“నా దగ్గర ఉంటది. ఒక్క కాగితం గూడ పోనియ్య. నన్ను నమ్మవా?”

వేళ్లు వదులయ్యాయి.

“మీరు లోపలికి రండి,” అంది అత్తమ్మ భర్తతో. పదహారేళ్లలో ఆమె ఆయన్ను రమ్మని ఆజ్ఞాపించడం ఇదే మొదటిసారి! ఆయన లేచి పడకగదిలోకి నడిచాడు. ప్రవల్లిక తనకు తెలియకుండానే వాళ్ల వెనక గుమ్మం దాకా వెళ్లింది.

అత్తమ్మ వెనక్కి తిరిగింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, గొంతు మాత్రం నిలకడగా ఉంది.

“ఇప్పుడు మేం మాట్లాడుకునేది మాత్రం రాయకు బిడ్డా!” అని ప్రవల్లిక చెంప నిమిరి, తలుపు మూసేసింది.