తాళం గదిలో చప్పుడు

ఆ ఆఫీసులో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. దాని పక్కది ఎప్పుడూ మూసి ఉండే తాళం గది. పాత గుమస్తా ఒకాయన అందులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. అప్పటినుంచి చీకటి పడితే చాలు, గోడ అవతల మూడు దెబ్బలు — టక్... టక్... టక్. రెండేళ్లలో ఆ చివరి గదిలో కూర్చున్న ఇద్దరు టైపిస్టులు రాజీనామా రాసిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా పోయారు.

మూడో ఆవిడ మొండిది. మీటింగుల రికార్డింగులు విని టైపు చేయడం ఆమె పని. ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. ఆ ఉద్యోగం మీద మేనేజరు బావమరిది కన్నుందని ఆఫీసంతటికీ తెలుసు.

పగలంతా మేనేజరు మాటలు తేనె పూసినట్టుండేవి. రాత్రి ఆమె ఒక్కతే మిగిలాక, ఇంటి నుంచి అంటూ కంప్యూటర్‌కి కాల్ చేసేవాడు. నీకు నువ్వుగా పోతావా, గెంటించమంటావా అనేవాడు. తెల్లారి అడిగితే, నేనెప్పుడన్నానమ్మా అని నవ్వేవాడు. ఆమెకి ఒళ్లు మండిపోయేది. సాక్ష్యం లేకుండా నమ్మేదెవరు?

రికార్డు చేయబోతే హెడ్‌ఫోన్లలోని అతని గొంతు పడలేదు, గదిలో ఫ్యాను రొద పడింది. తమ్ముడు ఫోన్లో దారి చెప్పాడు. రికార్డింగులోంచి మైకు తీసేసి, కంప్యూటర్ లోపలి శబ్దం మాత్రమే పట్టేలా మార్చమన్నాడు.

"నీ గదిలో పిడుగు పడినా అందులో వినపడదక్కా. అవతలి నుంచి వచ్చేదే పడుతుంది."

ఆమె అలాగే మార్చింది. ఆ రాత్రి కాల్ రాగానే రికార్డింగు మొదలుపెట్టింది.

"ఆ గది ఎవరికీ అచ్చిరాలేదమ్మా... ఒంటరిగా ఉన్నావు, జాగ్రత్త," అన్నాడు మెల్లగా.

టక్... టక్... టక్.

ఆమె హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి పక్కకి లాగింది. గోడ దగ్గరే... ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"సార్... మీకు వినపడిందా?"

"నేను ఇంట్లో మంచం మీదున్నాను. నాకేం వినపడలేదే. రేపు రాజీనామా ఇచ్చేయ్."

కాల్ కట్టయింది. ఆమె రాజీనామా టైపు చేసింది. పోయేముందు, అతని బెదిరింపైనా పడిందో లేదోనని రికార్డింగు పెట్టుకుని వింది. అతని గొంతు పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా ఉంది. తన మాట ఒక్కటీ లేదు. ఫ్యాను కూడా లేదు.

తర్వాత — టక్... టక్... టక్. అతని గొంతు కంటే గట్టిగా.

మళ్లీ విన్నది. మళ్లీ... తన గదిలోని చప్పుడు ఇందులో పడదు. పడిందంటే అది అతను ఉన్నచోటి చప్పుడే. ఆ పక్క గది తాళంచెవి ఉన్నది కూడా ఒక్క అతని దగ్గరే.

భయమంతా కోపమైపోయింది. రాజీనామా చెరిపేసి, రికార్డింగు మళ్లీ మొదలుపెట్టి, ఈసారి తనే కాల్ చేసింది.

గోడ అవతల ఫోను మోగింది. చటుక్కున ఆగింది. అతను ఎత్తాడు.

ఆమె లేచి వెళ్లి గోడ మీద మూడుసార్లు కొట్టింది.

"సార్, రేపు దీన్ని ఆఫీసులో అందరికీ వినిపిస్తాను," అంది. "ఇంకోసారి కాస్త గట్టిగా కొట్టండి."